రేడియో చెవిలో కెరటాలు

ఏటే ప్రత్యూషా, ఆ రేడియో వెనక చెక్క ఊడదీసీసినావా? బ్రష్షు పట్టుకుని కూర్చుని, పైగా నన్నడుగుతున్నావు, ‘నానమ్మా, లోపల దుమ్ము సాఫ్ చెయ్యాలా, వద్దా’ అని. చెయ్యొచ్చే. దుమ్మంటే దుమ్మే, దానికి ముహూర్తం చూడాలా? సెల్లులు తీసినావు కదా, బస్, భయం లేదు. మన దీవుల్లో దుమ్ముకి ఉప్పుగాలి తోడైతే గారలా పట్టేస్తాది కూడాను. కాని కాస్సేపాగు. అది మా అత్త ఎరుకమ్మ రేడియో. నువ్వు ఆవిణ్ణి చూడలేదు, మీ నాన్న చిన్నప్పుడే పోయింది.

అప్పటికి మనం ఈ గరాచర్మ ఊరికి రాలేదు. బాంబూఫ్లాట్‌లో, జెట్టీకి పైన, రేకుల ఇల్లు. మా మావ ధనరాజు సముద్రం మీద పోయే జహాజులో ఖలాసీ. నికోబార్ వైపు పోయేడంటే ఎప్పుడొస్తాడో గాలికే తెలియాల. అత్త ఆ రేడియో కొనిపించుకున్నది పాటలకి కాదు. జహాజుల కబురు చెప్తారు కదా, ఏది బయల్దేరింది, ఏది వస్తాది అని, దానికి. ఆవిడికి హిందీ ముక్క రాదు. జహాజు పేరొక్కటి ఆనవాలు పడితే చాలు, ‘అదిగో, మీ మావ’ అనేది నాతో, మనిషి గుమ్మంలో నిలబడ్డట్టు.

ఆ చెవి ఉంది చూడు, సౌండు తిప్పేది. తిప్పితే గర్ గర్ మని ఒకటే గోల. అది కెరటాలేనని అత్త నమ్మకం. జహాజు సముద్రంలో ఉంది, రేడియో జహాజు మాట చెప్తోంది, మరి సముద్రం వినపడదా? నేను కొత్తకోడల్ని, నాకూ నిజమే అనిపించింది. నవ్వకే! ఎక్కడో మనిషి మాట్లాడితే మనింట్లో వినపడ్డమే వింత. దాని పక్కన కెరటం ఓ వింతా?

అంచేత మావ నీళ్ల మీద ఉన్నన్నాళ్లూ ఆ చెవి ఎవరూ ముట్టకూడదు. గట్టిగా తిప్పితే కెరటం లేస్తాది. ఆవిడే తిప్పేది, పసిపిల్ల చెవిలో చమురు పోసినట్టు, మెల్లగా. పక్కింటి రత్నం దీదీ పాటలకొచ్చి, ‘సౌండు పెంచు ఎరుకమ్మా, ఏటిది, దోమ పాడినట్టుంది’ అంటే, ‘నీ మొగుడు నేల మీద కొట్టు పెట్టుకున్నాడు, నువ్వు ఎంతైనా పెంచుకుంటావమ్మా’ అనేది. మావ జెట్టీలో దిగేడా, చెవి ఈ కొస నుంచి ఆ కొసకి! బాంబూఫ్లాట్ ఊరంతా వినాల.

ఆ రత్నమే ఓ రోజు ఈ కెరటాల సంగతి మావ చెవిలో ఊదేసింది. నవ్వుతాడనుకున్నాం. నవ్వలేదు. గెడ్డం గీసుకునే బ్రష్షు తెచ్చి, లోపలంతా దులిపి, చెవి కింద పెట్రోలు చుక్క వేసి, అటూ ఇటూ తిప్పేడు. గరగర పోయింది. ‘ఒలే ఎరుకా, సముద్రాన్ని ఊడ్చీసినాను. ఇంక నీ ఇష్టం వచ్చినట్టు తిప్పుకో’ అన్నాడు. మర్నాడు జహాజెక్కి పోయేడు.

అత్త తిప్పింది. గరగర లేదు. ఇంకాస్త తిప్పింది. కబురు చదివేవాడి గొంతు తప్ప ఏటీ లేదు. అన్నం కలుపుకుని ముద్ద ఎత్తలేదు. ‘కెరటం ఉంటే ఉందని తెలిసేది. ఇప్పుడాయన ఎలాటి నీళ్ల మీదున్నాడో నాకెలా తెలుస్తాదే?’ అంది. మావ నిక్షేపంలా వచ్చేడు, కొబ్బరికాయల బస్తా మోసుకుని. అయినా సరే, గ్లాసు మీద వేలిముద్ర ఉంటే ఊరుకోని మా అత్త, రేడియో మీద గుడ్డ తీసీసి, తీసుకెళ్లి రోడ్డు వైపు కిటికీలో పెట్టింది. లారీలు పోతుంటే ఒకటే దుమ్ము. వానలు దిగేటప్పటికి మళ్లీ గర్ మంది. ఆ పూట ఆవిడ రెండు ముద్దలు ఎక్కువే తింది. మావ ఇంటికొచ్చినప్పుడు ఆ గరగర విన్నాడు. ఆవిణ్ణి చూసేడు, నన్ను చూసేడు. బ్రష్షు మళ్లీ గెడ్డానికే వాడుకున్నాడు.

పిచ్చేనే, నాకు తెలీదా? ముసలితనంలో అక్షరాలు నేర్చుకుని, నీ పుస్తకాల్లోనే కూడబలుక్కుని చదివేను. లోపల దుమ్ము చేరితే గరగరమంటాది, అంతే. కెరటం లేదు, గిరటం లేదు. నువ్వు శుభ్రంగా దులుపు. మూలలు దులుపు, ఆ బల్లిగుడ్డు పెంకులు తీసి పారెయ్. ఆ చెవి జోలికి మాత్రం... మీ నాన్న జహాజు ఇప్పుడెక్కడుందే? ఫోను కలిసిందా? నిన్న కచ్చల్ దీవి దాటిందన్నావు. ఇంకా నీళ్ల మీదేనన్నమాట. ఊఁ. అయితే చెవి అలా ఉండనీ. వాడు జెట్టీలో దిగనీ, అప్పుడు దాన్ని...

సరేగాని, కుక్కరు కూత వేసిందా, లేదా?