మూడో గ్రౌండు మట్టిగుట్ట

"బేస్‌బాల్ గ్రౌండులో దెబ్బ తగిలిందా? రాస్ తనూరాలో ఆ ఆట కూడా ఉందా బాబాయ్?"

ఉన్నది నర్సు బిడ్డా. ఒకటి కాదు, మూడు గ్రౌండ్లు. కట్టు కొంచెం వదులుగ కట్టు, ఆఁ, గట్ల.

మొదటిది సముద్రం పక్కన ఉండెనట. నేను సూడలే, మా కన్న ముందొచ్చినోళ్లు చెప్పిన ముచ్చట. గీ సౌదీ ఆయిల్ కంపెనీల అమెరికోళ్లు ఇసుకల ఆడేటోళ్లట. గాలికి ఇసుక లేస్తదని దాని మీద నూనె చల్లేటోళ్లట, మన దిక్కు వాకిట్ల సాంపి చల్లినట్టు. గోనె సంచిల ఇసుక నింపి నాలుగు మూలలకు పెట్టేటోళ్లు. తర్వాత ఆడ నూనె ట్యాంకులు లేచినయి. రెండోది క్యాంపు లోపల, గడ్డి పెంచిండ్రు. దాని మీద క్వార్టర్లు కట్టిండ్రు. ఆ క్వార్టర్లకు నేనే తట్టలు మోసిన... కాదు కాదు, అది ఇంతకు ముందు యాన్బు ఊర్ల. ఈడికి వచ్చేసరికి కట్టుడు అయిపోయింది. మూడోదాంట్ల నాకు పని దొరికింది.

ఆ ఆట ఎందుకో ఇప్పటికీ నాకు పూర్తిగ సమజ్ కాదు. బంతి కొట్టుడు, ఉరుకుడు, సుట్టు తిరిగి మల్ల లేచిన కాడికే వచ్చుడు. మా సడ్డకుడు క్రికెట్ పిచ్చోడు, ఫోన్ల చెప్తె గదేం ఆట అని నవ్వె.

పనిల చేరినంక ఫోర్‌మన్ వచ్చి ఎల్లుండి మ్యాచున్నది, సాఫ్ కర్దో, లెవెల్ కర్దో అన్నడు. నడిమిట్ల సూస్తె మట్టి కుప్ప. ఎవలో పని చేసి ఎత్తకుండ పోయిండ్రు అనుకున్న. నేను మేస్త్రీల కింద పెరిగినోణ్ని గదా, పార వట్టి మొత్తం గుంజిన, దిమ్మిస కొట్టిన, నీళ్ల పైపు పెట్టి లెవెల్ గూడ సూసుకున్న. అద్దం లెక్క చేసిన.

పోచన్న అని నా జోడు, ఆ గ్రౌండుల నా కన్న పాతోడు. మాది జగిత్యాల దిక్కు, ఆయనది ఆర్మూరు. ఆ దినం జరమొచ్చి దవాఖానకు పోయిండు. తెల్లారి వచ్చి సూసి ఆడనే కూలవడ్డడు. ఏడుస్తుండో నవ్వుతుండో తెల్వలే. "అరె, అది బంతి ఇసిరేటోడు నిలవడే జాగరా" అన్నడు. జానెడు ఎత్తుండాలె, ముందటికి వాలుండాలె, దానికి లెక్కున్నదట. నాకేం ఎరుక? జరంతోనే దినమంత కూసొని చెప్పిండు, నేను కట్టిన. మ్యాచ్ నాడు అమెరికా కోచ్ ఎక్కి నిలవడి గుడ్ అన్నడు. మేమిద్దరం ఒకల మొకం ఒకలం సూసుకోలే, నవ్వొస్తదని.

తర్వాత నితాఖత్ వచ్చె, కంపెనీల ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలె అని సర్కార్ రూలు. మాకు వీసా ఇచ్చిన కఫీల్ కాడ సౌదీ పనోళ్లు తక్కువ, కంపెనీ రెడ్‌ల పడ్డది. ఈడ ఉండే కార్డు, ఇఖామా, రెన్యూ కాదు. గ్రీన్‌ల ఉన్న కంపెనీకి మారాలె, లేకుంటె ఖురూజ్, ఇంటికి. గ్రౌండు పని తీసుకున్న కొత్త కంపెనీకి ఒక్క మనిషే కావాలె. ఆ కంపెనీ మేనేజర్, ముదీర్, ఇద్దర్ని పిలిచి, గుట్ట పని ఎవలకు ఎరుక అన్నడు.

పోచన్నకు ఎరుక. నాకు నేర్పింది ఆయన. గప్పుడు మా బిడ్డ నీ లెక్కనే నర్సు సదువుతుండె, రెండో ఏడు. పోచన్నకూ ఇద్దరు సదివే పిల్లలు. నేను తల వంచుకొని నిలవడ్డ. నోట్ల నుంచి మాట రాలే. పోచన్ననే హిందీల చెప్పిండు. "ఇతన్ని పెట్టుకోండ్రి సాబ్. ఒకసారి సాఫ్ చేసిండు, ఇగ జన్మల ఆ తప్పు చెయ్యడు." ముదీర్ నవ్వి నా ఇఖామా తీసుకున్నడు.

సిగ్గనిపిస్తది బిడ్డా. లేదు సాబ్, పని ఈయనదే అని ఒక్క మాట అనకపోతి.

మల్ల బయటి దేశపోళ్ల మీద లెవీలొచ్చినయి. ఇంట్ల తలకింత అని కట్టాలె గదా, శానా మంది పెండ్లాం పిల్లలను దేశం తోలిండ్రు. ఇప్పుడు గ్రౌండుల ఆడేటోళ్లే లేరు. నేనైతె గుట్టకు నీళ్లు కొడుతనే ఉన్న. నిన్న దిమ్మిస జారి గీ వేలు మీద వడ్డది, గంతే.

పోచన్న ఇంటి కాడి నుంచి ఫోన్ చేస్తె గుట్ట ఎట్లున్నదిరా అంటడు. నా పానం సంగతి అడగడు. మొన్న నేనే అడిగిన, గప్పుడు గట్లెందుకు చెప్పినవే అని. నాకు ఏండ్ల సంది అదే తొలుస్తుండె. ఏం లేదురా అన్నడు, నీకు మాట రాకపాయె, నాకు వచ్చె.

అయిపోయిందా కట్టు? ఇన్నేండ్లల ఎవ్వలు అడగలే, నువ్వడిగినవు. రేపు నిన్నెవలన్న అడిగితె ఆ గుట్ట పోచన్నదని చెప్పు. నేను చెప్పాల్సిన కాడ చెప్పకపోతి... నీ కడుపు సల్లగుండ బిడ్డా.