చెయ్యివ్వను

"చెయ్యివ్వవే."

"ఇవ్వను."

"ఒక్కసారి. లేచేదాకా. లేచాక వదిలెయ్."

"ఇవ్వనంటే ఇవ్వనక్కా. చేతులు గుండెల మీద కట్టుకో. లే."

పొద్దున ఎనిమిదిన్నర. ముందుగదిలో గోడకి ఆనించిన చెక్కకుర్చీలో కూర్చున్నది పెద్ద తోడికోడలు. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి, డెబ్భై నాలుగు నిండాయి. ఎదురుగా నిలబడింది చిన్న తోడికోడలు, ఆరేళ్ళు చిన్నది, బడిలో డ్రిల్లు టీచరుగా విజిలు ఊది ఊది రిటైరైంది. అన్నదమ్ములిద్దరూ పోయాక ఆ ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరే. మూడు వారాలుగా పెద్దావిడకి రోజూ ఈ కుర్చీతోనే తెల్లవారుతోంది.

"లేవలేనే విజిలూ."

"విజిలూ గిజిలూ అని బతిమాలినా వదలను. పాదాలు వెనక్కి లాగు. ఇంకా. మోకాళ్ళకంటే వెనక్కి. ఆ. ఇప్పుడు ముందుకి వంగు. ముక్కు కాలివేళ్ళ మీదికి రావాలి."

"ముక్కు నేలకి రాయమంటావేంటి? ఏం తప్పు చేశానే?"

"మాటలాపి, ఊపిరి వదులుతూ లే."

"అమ్మా... అమ్మా... లేచానా?"

"లేచావు. నాలుగు. ఇప్పుడు నెమ్మదిగా కూర్చో. ఐదు లెక్కపెడుతూ దిగాలి. ఒకటి... రెండు... పడ్డావు! మళ్ళీ ధబ్బున పడ్డావు."

"కింద కుర్చీ ఉంది కదా అని పడ్డాను. లేకపోతే పడతానా?"

"తొడల్లోకి బలం వచ్చేదే దిగేటప్పుడు. ఎన్నిసార్లు చెప్పాలక్కా?"

"బడిపిల్లలు కూడా నిన్ను ఇలాగే తిట్టుకునేవాళ్ళా?"

"ఇంతకన్నా ఎక్కువ. లే. ఐదు."

"ఉండవే, ఊపిరి తీసుకోనీ. నిన్నటిదాకా కింద దిండుండేది కదా. దిండేది?"

"తీసేశాను."

"అడక్కుండానే?"

"అడిగితే ఒప్పుకుంటావా? దిండుంటే కుర్చీ ఎత్తవుతుంది. ఎత్తు కుర్చీలోంచి ఎవరైనా లేస్తారు."

"ఎవరైనా లేస్తారు, నేనూ లేచాను. బానే ఉంది కదా. అంతకంటే ఎందుకు?"

"కావాలి."

"ఎందుకూ అంటున్నా."

"మోకాలెలా ఉంది? నొప్పా?"

"మాట మార్చకు."

"చెప్పక్కా. పోటా, లాగుతున్నట్టా? పోటైతే ఇప్పుడే ఆపేద్దాం. లాగుతుంటే పర్లేదు."

"లాగుతోంది. బిగుతు జాకెట్టు కుట్లు పిగులుతున్నట్టు."

"అంతేగా. కండ తొందరగా తేరుకుంటుంది. కీలు చుట్టూ పట్టీల్లా ఉంటాయే, వాటికి నెలలు పడుతుంది. ఎలాస్టిక్కు లాంటివనుకో. పాతది పీకేసి కొత్తది వేసి కుట్టడం కుదరదు. ఉన్నదాన్నే రోజూ కాస్త కాస్త పని చేయించి కాపాడుకోవాలి."

"నెలలు పడుతుందని నువ్వే అంటావు, మూడు వారాలకే దిండు లాగేస్తావు. నీకెందుకే ఇంత తొందర?"

"తొందరేం లేదు."

"లేదా? నిన్నంతా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూనే ఉన్నావు. కూర్చోమంటే కూర్చోవు, తినమంటే తినవు."

"నడక మంచిది."

"నడక కాదది. బాత్రూంలో గోడకి కమ్మీలు బిగింపించావు. కుక్కరూ గిన్నెలూ అన్నీ కింది అరలోకి దించావు. ఫోనులో డాక్టరుకి ఎలా చెయ్యాలో నాకు మూడుసార్లు నేర్పావు. ఇవన్నీ ఇప్పుడెందుకు?"

"సింకు పట్టుకుని మడమలెత్తడం కూడా ఉంది ఇవాళ. ఇరవై."

"నా మాట వినపడుతోందా?"

"వినపడుతోంది. ఆగు, ఫోను... ఆ, చెప్పు... లేదన్నానుగా... మళ్ళీ అదే మాటా? తర్వాత చేస్తాను. పెట్టేస్తున్నా."

"ఎవరు?"

"రాంగు నంబరు."

"రాంగు నంబరుకి తర్వాత చేస్తానని చెప్పావా?"

"అక్కా, లే. ఐదు."

"లేవను."

"పొద్దున్నే ఏంటిది, చిన్నపిల్లలా?"

"లేవను. ఏం చేస్తావు, బెంచీ ఎక్కిస్తావా? ఎక్కించు చూద్దాం, నా మోకాళ్ళు ఒప్పుకుంటే."

"పోనీ కాసేపాగి చేద్దాం. నీళ్ళు తెస్తా."

"అటక మీంచి పెట్టెందుకు దించావు?"

"ఏ పెట్టె?"

"ఎర్ర పెట్టె. నీ మంచం కింద ఉంది. వంగి చూశాను."

"అందులో కాయితాలున్నాయి."

"కాయితాలకి అంత పెట్టా? నీ కూతురితో తలుపేసుకుని మాట్లాడతావు. నేనొస్తే గొంతు తగ్గిస్తావు. అది కూడా, పెద్దమ్మా ఎలా ఉన్నావని నన్నడగడం మానేసింది."

"దానికి పనెక్కువక్కా."

"అవునులే. నన్ను నిలబెట్టి, నా వంట నాకందేలా గిన్నెలు సర్ది, నువ్వు చేతులు దులుపుకుని కూతురి దగ్గరికి పోతున్నావు. అంతేనా?"

"అది కాదు..."

"చెయ్యివ్వను చెయ్యివ్వను అని మూడు వారాల్నుంచీ అంటున్నావు. చివరికి నాకు చెయ్యిచ్చే పోతున్నావు."

"నవ్వించకక్కా."

"నేను నవ్వడం లేదే. పొమ్మనడానికి, వద్దనడానికి నేనెవర్ని? మీ బావగారంటే మధ్యాహ్నం భోంచేసి పడుకుని చెప్పకుండానే పోయారు. నువ్వైనా చెప్పి వెళ్ళు. అంతే నేనడిగేది."

"ఎక్కడికీ పోవడం లేదు. నీమీదొట్టు."

"అయితే ఆ చెయ్యి బయటికి తియ్యి."

"ఏ చెయ్యి?"

"కొంగులో చుట్టుకున్నావు చూడు, కుడిచెయ్యి. నాకు బలం రావాలని ఇవ్వడం లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. మొన్న టీ ఎడంచేత్తో పోశావు. నిన్న తలా ఎడంచేత్తోనే దువ్వుకున్నావు. నలభై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించినదాన్ని, చెయ్యి నిలకడ తప్పితే నాకు తెలీదనుకున్నావా? తియ్యి."

"వద్దక్కా."

"తియ్యంటున్నా."

"ఇదిగో. చూశావా? అయిందా?"

"ఇదేంటే... ఇదేంటిలా... ఆపు. ఆపవే."

"ఆపితే ఆగేదైతే దాచుకుంటానా?"

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి. చలికి వణుకుతోందనుకున్నా. ఎండలొచ్చినా ఆగలేదు. పార్కిన్సన్స్ అంట. వణుకుడు జబ్బు. మంచం కింద పెట్టెలో ఉన్నవి ఆ కాయితాలే."

"మందుల్లేవా?"

"ఉన్నాయి. వేసుకుంటున్నా. పూర్తిగా పోదట, నెమ్మదిగా ముదురుతుందట. అందరికీ ఒకేలా ఉండదన్నాడు డాక్టరు. ముందు చెయ్యి. తర్వాత నడక. ఆ తర్వాత కూర్చుంటే లేవడం, పడుకుంటే పక్కకి తిరగడం... ఎన్నేళ్ళకో తెలీదు. ఒళ్ళు కదుపుతూనే ఉండమన్నాడు. అందుకే తిరుగుతున్నాను, పిల్లిలా."

"ఇన్ని నెలలు నాతో చెప్పకుండా ఎలా ఉన్నావే, పిచ్చిమొహమా? పక్కగదిలోనే కదా నేనున్నది?"

"చెబితే ఏడుస్తావని."

"ఏడుస్తాను. నా ఇష్టం. నా తోడికోడలు, నేనేడుస్తాను."

"ఏడువు. నేను కూడా బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడిచేశాను, అయిపోయింది."

"నీ కూతురికి తెలుసా?"

"తెలుసు. వచ్చెయ్యమంటోంది. పొద్దున లేస్తే అదే పోరు. ఇందాక ఫోను అదే."

"వెళ్ళు మరి. వెళ్ళవే. నేనిందాక అన్నవన్నీ ఉత్తినే అన్నాననుకో. కడుపున పుట్టింది, కళ్ళలో పెట్టుకుని చూసుకుంటుంది."

"రానని చెప్పేశాను."

"బుద్ధుందా నీకు?"

"అక్కడ మూడో అంతస్తు. మొగుడూ పెళ్ళాలిద్దరూ పొద్దున పోతే మళ్ళీ చీకటి పడ్డాకే. అంతదాకా నేనెవరితో పోట్లాడాలి?"

"పోట్లాట కోసం ఇక్కడుంటావా? ఆలోచించు. నన్ను చూడు, కుర్చీలోంచి లేవడానికే అమ్మా అబ్బా అంటున్నాను. రేపు నువ్వు మంచం మీంచి లేవలేకపోతే, ఈ ఇంట్లో నిన్నెవరు లేపుతారే?"

"అందుకే కదక్కా, ముందు నిన్ను లేపుతున్నాను."