తుల్జమ్మ ఇడిశిపెట్టిన కూర

తుల్జమ్మ అని మా మాదిగవాడల ఒక ముసలామె ఉండె. మాణిక్ పటేలు జొన్నచేన్ల కలుపు తీయనీకె పోయేది. మనకు ఒక పద్ధతి ఉన్నది గద, కలుపు తీసే ఆడోళ్లు గడ్డి పీకి గట్టు మీద పారేస్తరు, దాంట్ల దొరికిన కూరాకు మాత్రం ఒడిల ఏసుకుంటరు. జొన్నచెంచలి, దొగ్గలి, గునుగు, తుమ్మి... ఇంకోటి ఉన్నది, నోట్లనే ఉన్నది, ఆగు... ఆఁ, సన్నవాయిలి! పోయిందే అనుకున్న. దానికి ఇత్తనం ఏసేటోడు లేడు, నీళ్లు పోసేటోడు లేడు, దానంతటదే మొలుస్తది. కలుపు తీసే నెలల్ల ఇంట్ల గింజలు అడుగంటుతయి, జొన్నరవ్వ ఉడకేసిన గటకలకు ఆ కూరే దిక్కనుకో.

అయితే ఏమైందంటే, పటేలు బావమరిది పట్నంల డాక్టరంట. ఆయన వచ్చి, ఈ ఆకులల్ల శాన బలం ఉన్నది బావా, పెద్ద పెద్దోళ్లు ఎతుక్కొని తింటున్నరు అన్నడంట. అన్నాళ్లు వాడోళ్ల తిండి అని ముక్కు మూసుకున్న పటేలు, ఆ పొద్దు గట్టు మీద నిలవడి, ఒడులు దులిపి పోండే, నా చేన్ల మొలిచింది నా పంటే అన్నడు. ఆడోళ్లంత తుల్జమ్మ మొకం చూసిన్రు. తుల్జమ్మ ఏమన్నదో తెలుసా? సరే పటేలా, నీ పంటే అని ఒడి దులిపింది.

తెల్లారి నుంచి అందరు గడ్డి పీకుతున్రు, కూరమొక్కను మాత్రం ముట్టుకుంటలేరు. దాని సుట్టు మట్టి గుల్ల చేసి మరీ ఇడుస్తున్రంట! ఇంట్ల కోడలు, అత్తా, నీ పంతం సల్లగుండ, పిల్లలు ఉత్త ఉప్పుకారంతోటి గటక మింగుతున్రు అన్నది. తుల్జమ్మ తన గిన్నెల గటక పిల్లలకు పంచి, ఇయ్యాల ఊకుంటే రేపు ఈ పిల్లలకు ఆకు పేరు గూడ మిగలదే, ఓర్సుకో అన్నది. వాన పడ్డది. పదిహేను దినాలకు కూర ఏపుగ లేశింది, జొన్న దాని నడుమ పసుపుపచ్చగ అయి కూసున్నది.

పటేలు ఉరికొచ్చిండు. ఏందే, కలుపు ఇడిశిపెట్టిన్రు అంటే, కలుపేడున్నది పటేలా, ఇది నీ పంట గద, పంటను పీకుతమా అన్నది తుల్జమ్మ. అయితే కోసి కుప్ప పెట్టుండ్రి అన్నడు. ఏది కూర, ఏది కాదు, నీ పంట నువ్వే సూపియ్యి అన్నది. ఆయన మీసం దువ్వుకుంట చేన్లకు దిగి, ఇదిగో ఇది అని గుప్పెడు పట్టి పీకిండు. ఏం పీకిండు? దురదగొండి! మోచేతుల దాక దద్దుర్లు, గోక్కుంట ఎగురుతున్నడంట. ఆడోళ్లు కొంగులు నోట్ల కుక్కుకున్రు. తీసుకపోండే, మీ కూరే అన్నడు. ఇనవడలే పటేలా, అవతలి చేనోళ్లకు గూడ ఇనవడాలె అన్నది. మీ కూరే! అని ఒర్లిండు.

ఆ పొద్దు వాడల పొగ లేవని ఇల్లు లేదు. ఇప్పుడు పట్నంల ఈ కూరను సంచులల్ల పెట్టి, ఇంకేదో పేరు పెట్టి అమ్ముతున్రంట. పెట్టనీ. ఏది ముదురో ఏది లేతదో, ఏది పప్పుల ఏస్తే చేదు పోతదో వాళ్లకేం ఎరుక? నేను పొద్దున్నే వండిన బిడ్డా, నువ్వు గిన్నెడు తినే పోవాలె. వట్టి కథ రాసుకొని పోతనంటే మాత్రం నేనొప్ప.