అంబారీ దించమన్న డాక్టరమ్మ

1993 జూన్ తొమ్మిదో తేదీన జూలూరుపాడు పశువైద్యశాలలో ఉద్యోగంలో చేరిన డాక్టర్ జహీదా గారు ఈ నెలాఖరున మా అటవీ ఏనుగుల శిబిరం నుండి పదవీ విరమణ చేస్తున్నారు. కూసుమంచిలో గేదెలకు, మధిరలో ఎడ్లకు వైద్యం చేసి, రైతుల ఇళ్లలో ఆడబిడ్డ మన్నన పొందిన ఆమెకు, భద్రాచలం అడవి అంచుకు వచ్చిన ఏడాదే గడ్డు పరీక్ష ఎదురైంది.

యాత్రికులను ఏనుగుపై తిప్పే ఒక విడిదిలో ఆనాడు తనిఖీ. సోని అనే ఆడ ఏనుగు అంబారీతో నిలబడి ఉంది. ఆరోగ్యం బాగుందని డాక్టరు గారు సంతకం చేస్తేనే సవారీ. సోని మాటిమాటికీ వీపు ముడుచుకోవడం చూసి, ఆమె అంబారీ దించమన్నారు.

యజమాని చందూలాల్ నవ్వాడు. "జనం ఎండల నిలబడ్డరు మేడమ్. జల్దీ సంతకం పెట్టుండ్రి. ఆవులకు సూదులేసేటోళ్లకు ఏనుగు సంగతేం ఎరుక?"

"అవ్, ఆవులకే ఏసిన. చీము ఏ వీపుల ఉన్నా చీమే. దించుండ్రి."

మావటి పర్వేజ్ ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "దించొద్దు మేడమ్. పనికిరాదంటే దీన్ని ఏడికో తోలేస్తరు. నన్ను ఎంట రానియ్యరు. పసుపు పెట్టి గుడ్డ కప్పింది నేనే."

డాక్టరు గారు అతని మీద కోప్పడలేదు. "నువ్వు లేకుంటే మందు ఎవలు పెడ్తరు పర్వేజ్? నిన్ను ఇడిచి దీన్ని పోనియ్య. తాడు ఇప్పు."

తాడు వదులు కాగానే సోని ఘీంకరించి తొండం విసిరింది. జనం చెదిరిపోయారు. డాక్టరు గారు మాత్రం కదలలేదు. పర్వేజ్ చెవి నిమురుతుంటే ఏనుగు మెల్లగా చల్లబడింది. అంబారీ దించి చూస్తే, గుడ్డ కింద పిడికిలి పట్టేంత పుండు.

ఆమె సంతకం చేయలేదు. బదిలీ చేయిస్తామన్న బెదిరింపులకు లొంగలేదు. మావటిని వేరుచేయరాదని పై అధికారుల చుట్టూ తిరిగి, చివరకు ఒకే లారీలో సోనినీ పర్వేజ్‌నూ మా శిబిరానికి చేర్పించారు. పుండు మానింది, మచ్చ మిగిలింది. ఇప్పుడు ఆ వీపు మీద కొంగలు తప్ప ఎవరూ ఎక్కరు.

ఇన్నేళ్లుగా నోరులేని జీవాల నొప్పిని తనదిగా మోసిన జహీదా గారు ఇకనైనా బరువు దించుకుని, కంటినిండా నిద్రపోయి, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ, సోని చెరకు తినే వేళకు అప్పుడప్పుడూ వచ్చి కనిపించాలనీ మా అందరి కోరిక.

— కన్నమ్మ, మేత విభాగం