పంతొమ్మిదో చింతగింజ

హలో… అవ్, నేనే, సుజాతనే. ఎవరూ?… జర గట్టిగ చెప్పు, ఈడ షాపుల మిక్సీ నడిపి చూస్తున్నరు…

దూలయ్య మామా! నువ్వా! బడి ఫోన్‌ల నుంచి చేస్తున్నవా?… అగో, పొద్దటి సంది నీ ఫోన్ కోసమే కూసున్న. ఎట్లుంది నేను చేసి పంపిన కరెంటు గంట? మోగుతుందా?…

మస్తు మోగుతుందా! చెప్పలే నేను? ముప్పై ఏండ్లు ఆ రైలుపట్టా ముక్కను కొట్టి కొట్టి భుజం పాడు చేసుకున్నవ్. ఇగ నువ్వు కుర్చీల కూసొని కాలు మీద కాలు…

ఏంది?

ఎన్నిసార్లు?…

పదిహేడా!

ఆగు మామా, ఆగు. ప్రేయర్ కాంగనే తొమ్మిదిన్నరకు గంట పెట్టె ఆన్ చేసినవ్ కదా… చేసినవ్. పీరియడు నలభై ఐదు నిమిషాలు. ఇప్పుడు టైమెంత? పదీ పది. అంటే ఇంకా మొదటి పీరియడే కాలే. ఒక్కసారి కూడ మోగొద్దు. పదిహేడు ఎట్ల మోగుతది? నువ్వు ఎక్కువ లెక్క పెట్టినవేమో…

గింజలా? ఏం గింజలు?…

చింతగింజలు. గంట మోగినప్పుడల్లా ఒకటి తీసి టేబుల్ మీద పెట్టినవ్. పదిహేడు ఉన్నయి… ఎవరు పెట్టమన్నరు మామా నిన్ను?… ఓ, అలవాటు. ఎండాకాలం బీడీల తునికాకు కల్లంల కట్టలు లెక్క పెట్టే అలవాటు. నూరు కట్టలకో గింజ… అవ్ అవ్, చిన్నప్పుడు నీ జేబుల గింజలు నేనే ఎత్తుకపోయేదాన్ని, యాదికుంది…

మరి పిల్లలు ఏం చేస్తున్నరు మామా?… నవ్వకు, నవ్వకుండ చెప్పు… అయ్యో!… నాలుగో గంటకు పళ్ళాలు పట్టుకొని వంటింటికి ఉరికిన్రా? పది గంటలు కూడ కాకముందే!… కళావతక్క ఏమన్నది?… బియ్యం కూడ కడగలేదా… గరిటె పట్టుకొని ఎదురొచ్చిందా!… మళ్ళ ఎనిమిదో గంటకు బడి అయిపోయిందని బ్యాగులు సర్దుకొని… మళ్ళ పన్నెండో గంటకు పళ్ళాలా!… అంటే రెండు రోజుల సదువు అయిపోయింది మామా. మూడోరోజు మొదటి పీరియడు గూడ అయింది. నలభై నిమిషాల్ల!…

లెక్కల సారు? పాపం… బోర్డు మీద లెక్క రాయంగనే గంట… జవాబు చెప్పకముందే మూడు క్లాసులు మారిండా!… అయ్యో మామా, నా కడుపు నొస్తుంది. సేటు నన్నే చూస్తున్నడు… ఏం లేదు కిషన్‌లాల్ సేట్, ఊకెనే నవ్వుతున్న…

మరి నలభై నిమిషాల సంది ఫోన్ చెయ్యలేదేంది?… చేసినవా? ఎంగేజా?… అవ్, సేటు హైదరాబాదుకు మాట్లాడుతుండె. సరే, పెట్టె ఆపేయకపోయినవా?…

హెడ్మాస్టర్ సారు ముట్టొద్దన్నడా? పెద్దసారు వచ్చి చూసేదాకా… ఆ?

పెద్దసారు ఇయ్యాల్నే వస్తున్నడా? భద్రాచలం ఆఫీసు నుంచా? ఎల్లుండి అన్నరు కదా మామా!… జీపు వాగు దాటిందా? ఎవరు చెప్పిన్రు?… 

మామా, ఇగ నవ్వొద్దు. నిజంగ నవ్వొద్దు. ఆ సారు గంట చూసి మంచిగుందంటేనే పన్నెండు ఆశ్రమ బడులకు నన్ను చెయ్యమంటరు. బాగలేదంటే నా సంగతి వదిలెయ్, సేటు దగ్గర మిక్సీలు బాగు చేసుకొని బతుకుత. నీ చేతికి మళ్ళ సుత్తి వస్తది. చెయ్యి పైకి లేస్తుందా నీకు?… లేవదు కదా. మరి!

ఆగు, ఆలోచించనీ. నలభై నిమిషాలల్ల పదిహేడు సార్లు. రెండు వేల నాలుగు వందల సెకన్లు. పదిహేడుతోటి భాగిస్తే… నూట నలభై, నూట నలభై ఒకటి… పదిహేడోది ఎప్పుడు మోగింది? ఫోన్ చేసే ముందే కదా?… ఇప్పుడు నేను గడియారం చూస్తున్న. మళ్ళ మోగితే నాకు గూడ వినబడుతది. ఫోన్ కిటికీ దిక్కు పట్టుకో…

ఏమైనా వినబడుతుందా… లేదు. అవి కోతులా?… పిల్లలేనా. సరే…

ఆ! మోగింది! మోగింది మామా! నాకు వినబడింది! ఎంత తియ్యగుంది నా గంట!… గింజ పెట్టు. పద్దెనిమిది. పదీ పన్నెండు అయింది ఇప్పుడు. నూట నలభై… నూట నలభై…

అయ్యో! అయ్యో అయ్యో అయ్యో! దొరికింది మామా! దొరికింది!

సేట్, ఒక్క నిమిషం, ఎగురుతలే, ఊకెనే లేచిన…

విను. పెట్టెల చిప్పు ఉంటది కదా. చిప్పు లోపల అంకెలు దాచుకునేటందుకు డబ్బాలు ఉంటయి. చిన్న డబ్బాను బైటు అంటరు. దాంట్ల రెండు వందల యాభై ఐదు దాకనే పడుతది. ఒక్కటి ఎక్కువైనా మొత్తం సున్న అయిపోయి మళ్ళ మొదటికి వస్తది. పెద్ద డబ్బాను వర్డ్ అంటరు. రెండు బైట్లు జోడు కట్టినట్టు. దాంట్ల అరవై ఐదు వేలదాకా పడుతది. పీరియడంటే రెండు వేల ఏడు వందల సెకన్లు. అన్ని సెకన్లు తీసుకపోయి నేను చిన్నదాంట్ల పోసిన మామా! బైటు అని రాసిన ప్రోగ్రాంల! పదిసార్లు నిండి పదిసార్లు ఒలికి, అడుగున మిగిలింది గీ నూట నలభై. అందుకే రెండు నిమిషాల ఇరవై సెకన్లకొకసారి మోగుతుంది!…

చూడలేదా అంటే… చూసిన. షాపుల ఈ టేబుల్ మీదనే చూసిన. ఒక్కొక్క గంట కోసం నలభై ఐదు నిమిషాలు ఎవరు కూసుంటరు మామా? పీరియడు పది సెకన్లని పెట్టి చూసిన. పది బైటుల మంచిగనే పడుతది కదా! టకటక మోగింది. సంబరపడి, పది తీసి రెండు వేల ఏడు వందలు రాసి, డబ్బా మార్చకుండనే చిప్పుల ఎక్కించి పంపిన. నా అంత తెలివిగలది ఖమ్మం జిల్లాల లేదు…

ఏమంటున్నవ్?… కల్లంల లెక్కనా? చెప్పు…

అవ్. నూరు కట్టలు కాంగనే గింజ పక్కకు పెడతవ్. మళ్ళ ఒకటి నుంచి మొదలు పెడతవ్… గింజ పెట్టుడు మరిస్తే?… నూరు కట్టలు గాలికి పోయినట్టే. గదే! గదే మామా! నా చిప్పు గింజలు పెట్టలే. అంతే సంగతి. నాకు పాలిటెక్నిక్‌ల మూడేండ్లు చెప్పిన్రు ఈ ముచ్చట. నువ్వు ఒక్క మాటల చెప్పినవ్…

ఇప్పుడు బాగు చేసుడా? ఎట్ల మామా? చిప్పుల రాసే మెషిను నా దగ్గర ఉంది, చిప్పు నీ దగ్గర ఉంది. నడుమ ఎంత అడవి ఉంది! రేపు పొద్దున బస్సుకు గాని…

ఆగు.

ఆగాగు. గింజలు.

నూట నలభైలు ఎన్నయితే ఒక పీరియడు? పంతొమ్మిది! పంతొమ్మిది నూట నలభైలు… రెండు వేల ఆరు వందల అరవై. నలభై సెకన్లే తక్కువ! మామా, ఇప్పుడు ఎన్ని గింజలున్నయి నీ ముందల?… పద్దెనిమిది! రాబోయేది పంతొమ్మిదోది. పదీ పద్నాలుగు దాటినంక మోగుతది. అదే అసలు గంట మామా! మొదటి పీరియడు గంట! నువ్వు మొదటి నుంచి గింజలు పెట్టకపోతే ఇప్పుడు మనకేం తెలుస్తుండె!…

గోడ మీద పైన తెల్ల స్విచ్ ఉంది కదా, గంటది, కుర్చీ ఎక్కితే నీకు అందుతది. అది ఆపితే గంట మోగదు. పెట్టె మీది చిన్న లైటు, గా ఎర్రబుగ్గ, మాత్రం గంట టైమైనప్పుడల్లా ఒకసారి వెలుగుతది. కనుక ఎర్రబుగ్గ వెలిగినప్పుడల్లా గింజ పెట్టు, గంట మోగనియ్యకు. పంతొమ్మిదో గింజకు తెల్ల స్విచ్ వెయ్యి. మోగనియ్యి. మళ్ళ ఆపు. గింజలన్ని తీసి ఒకటి నుంచి మొదలు పెట్టు. సమజయిందా?… అంతే! చిన్న డబ్బా చిప్పుల ఉంది, రెండో డబ్బా నువ్వు!…

ఇప్పుడు ఆపొద్దు. రాబోయేది మోగాలె మనకు. స్విచ్ వేసే ఉంది కదా?… మంచిది. పిల్లలు ఏరి?… మామిడిచెట్టు కిందనా? ఉరికి చెప్పు, ఎవరి క్లాసులకు వాళ్ళు పోవాలని. ఇప్పటిదాకా మోగినయి లెక్కల లేవని చెప్పు!… సారు జీపా? గేటు దగ్గరకు వచ్చిందా? ఉరుకు మామా! ఫోన్ పెట్టెయ్యకు, పక్కకు పెట్టి ఉరుకు!…

…

సేట్, పని ఆగినంత సేపు నా జీతంల కోసుకో. ఈ ఒక్క ఫోన్ మాట్లాడనియ్యి…

…పదీ పదమూడున్నర…

…మామా?… ఎవరన్నా ఉన్నరా?… ఆ, వచ్చినవా? ఆయాసం తగ్గనీ. పోయిన్రా క్లాసులకు?… అందరా?… కళావతక్క తరిమిందా! గరిటెతోటేనా? దండం పెట్టిన అని చెప్పు. సారు?… వరండాలకు వచ్చిండు. చెయ్యి ఎత్తి గడియారం చూసుకుంటుండు. హెడ్మాస్టర్ సారు పెట్టెను చూపిస్తుండు… మెల్లగ మాట్లాడు. ఇంక ఐదు సెకన్లు…

ఆ!

మోగింది! మోగింది! గింజ పెట్టు! పంతొమ్మిది!

పిల్లలు?… ఉరకలేదా? ఎవరి జాగల వాళ్ళు కూసున్నరా? సార్లు మారుతున్నరా?… బంగారం మామా నువ్వు! ఏమన్నడు పెద్దసారు?… ఏమన్నడో చెప్పు!…

నాకా? ఫోనా? నాతోనా? వద్దు మామా, నేనేం మాట్లాడను, మామా—

నమస్తే సార్… అవును సార్, సుజాతనే. ఆ బడిలోనే చదువుకున్నాను సార్… అవును, నేనే తయారు చేశాను… థాంక్యూ సార్…

జీ సార్?… నలభై సెకన్లు ముందు మోగిందా… మీ గడియారంలోనా…

…

హెడ్మాస్టర్ సారు ఏమంటున్నారు సార్?… బడి గడియారం ముందుందనా…

లేదు సార్. గడియారం సరిగ్గానే ఉంది. నా గంటే తప్పు.

సార్, ఒక్క నిమిషం వినండి. మీరు రాకముందే పద్దెనిమిది సార్లు మోగింది సార్, తొమ్మిదిన్నర నుంచి. వర్డ్ అని రాయాల్సిన చోట నేను బైట్ అని రాసిన. రెండు వేల ఏడు వందలు పట్టక నూట నలభై అయింది… మీకు తెలుసా సార్? మీరు గూడ ఎలక్ట్రానిక్సేనా!… అవును సార్, పై బైటంతా పోయింది… మీరు నవ్వుతున్నరా సార్?… అవును సార్, రెండుసార్లు భోజనానికి ఉరికిన్రు. బడి గూడ రెండుసార్లు అయిపోయింది… ఇప్పుడు సరిగ్గ మోగింది మాత్రం నా గొప్ప కాదు. అది దూలయ్య మామ గింజలు లెక్క పెట్టడం వల్ల. ఆ టేబుల్ మీద ఉంటయి చూడండి… చింతగింజలు… పంతొమ్మిదే సార్, ఎంచుకోండి…

అబద్ధం చెప్తే ఇయ్యాల నడుస్తుండె సార్. పన్నెండు బడుల్ల పన్నెండు మంది దూలయ్య మామలు దొరకరు కదా…

…

నిజంగనా సార్?… సోమవారం సరిచేసిన ప్రోగ్రాం మీకు చూపించాలా? తెస్త సార్! ఆదివారమే వచ్చి చిప్పు మార్చిపోత. ఈసారి నలభై ఐదు నిమిషాలు మొత్తం పక్కన కూసొని చూసినంకనే… సరే సార్. నేను మాట మీద ఉంట… పన్నెండు. అవ్ సార్. పన్నెండు…

సార్! ఇప్పుడెంతయింది? పదీ పదహారున్నరా? దూలయ్య మామ తెల్ల స్విచ్ ఆపిండా?… మీ పక్కన నిలబడి నవ్వుతుండా? సార్, ఇంక పది సెకన్లల్ల మళ్ళ మోగుతది! ఆపమనండి! మామా! స్విచ్!—

హలో?… సార్?…

…

వినబడలే. గంట వినబడలే…

హలో, మామా? నువ్వేనా? ఆపినవా?… నువ్వు కాదా? మరెవరు?… సారా! సారు ఉరికిండా?… బూట్లతోనే కుర్చీ ఎక్కిండా!… హెడ్మాస్టర్ సారు?… ఆ కుర్చీ పట్టుకున్నడా! అయ్యో మామా, నవ్వాలో ఏడ్వాలో తెలుస్తలేదు నాకు. రెండూ వస్తున్నయి. మామా, పన్నెండు బడులు ఇచ్చిండు. తప్పు చెప్పినంక గూడ ఇచ్చిండు. నీ చేతికి సుత్తి రాదు ఇగ…

ఏం చేస్తుండు ఇప్పుడు సారు?… నీ కుర్చీలనా? నీ కుర్చీలనే కూసున్నడా?… ఎర్రబుగ్గను చూసుకుంట… గింజలన్ని గుప్పిట్ల పట్టుకొనా!

ఎన్ని పెట్టిండు టేబుల్ మీద?…

ఒకటి.

సరిగ్గనే పెట్టిండు. ఇంక పద్దెనిమిది ఉన్నయని చెప్పు మామా. మధ్యల ముచ్చట్లు పెట్టొద్దు, లెక్క తప్పుతడని గూడ చె— హలో?… మామా?… హలో…