తలుపు పక్క కుర్చీని గమనించిన సిస్టర్ గారు

ముప్ఫై మూడేళ్ల క్రితం, జూన్ ఒకటో తేదీ ఉదయం ఏడున్నరకు, ఇస్త్రీ మడత చెదరని తెల్లచీరతో మా ఆసుపత్రి జీర్ణకోశ విభాగంలో బాధ్యతలు స్వీకరించిన మా పెద్ద సిస్టర్ గారు నేడు పదవీ విరమణ చేస్తున్నారు. తొలి పదేళ్లు వార్డులోను, ఆపై నేటివరకు పేగుపూత రోగుల ఓపీలోను, ఆలస్యంగా వచ్చిన డాక్టర్లను సైతం గడియారం వైపు ఒక్క చూపుతో సరిదిద్దుతూ అవిశ్రాంతంగా సేవలందించారు.

ఓపీలో మరుగుదొడ్డి తలుపు పక్కన ఒక కుర్చీ ఉంది. పేగులో పుండ్లు మళ్లీ రేగి, మాటిమాటికీ నెత్తురు విరేచనాలతో వ్యాధి తిరగబెట్టినవారు తెలియకుండానే అందులో కూర్చుంటారని కనిపెట్టినవారు సిస్టర్ గారే.

ఏడేళ్ల కిందట దర్జీపని చేసే ఒక అమ్మాయి బిడ్డ కావాలంటూ వచ్చినప్పుడు, పూత చల్లారి ఆరు నెలలు గడవాలన్న డాక్టరు గారి మాటను ఓపికగా నచ్చజెప్పి, గర్భానికి సరిపడని మందును ముందే మార్పించారు. అన్నీ సవ్యంగా సాగాయి. నాలుగో నెల పరీక్షకు అత్తగారితో వచ్చిన ఆ అమ్మాయి తిన్నగా వెళ్లి ఆ కుర్చీలోనే కూర్చుంది. సిస్టర్ గారు చేతిలో పని వదిలి ఆమె దగ్గరికి వెళ్లారు.

“ఒంట్లో ఎలా ఉందమ్మా?”

“బాగానే ఉంది సిస్టర్.”

“మరి ఇక్కడ కూర్చున్నావేం?”

“ఫ్యాను గాలి తగులుతుందని...”

“ఫ్యాను ఆ మూల ఉంది తల్లీ. నెత్తురు పడుతోందా?”

అమ్మాయి బావురుమంది. బిడ్డకు కీడని మాత్రలన్నీ మానేసి మూడు వారాలైందట. “నేనే మానిపించాను,” అన్నారు అత్తగారు, తల దించుకుని.

సిస్టర్ గారు కసురుకోలేదు. “మంచి అనుకునే చేశారు పిన్నిగారూ. కానీ తల్లి పేగు రగులుతుంటే బిడ్డకే ముప్పు. పడనివి ముందే తీసేశాం. ఇవి ఉంచాల్సినవి.”

ఆ రోజే చికిత్స మళ్లీ మొదలైంది. బిడ్డ నిలుస్తుందో లేదోనని నెలరోజులు అందరం బిక్కుబిక్కుమంటూ గడిపాం. అయిదో నెలలో ఆ అమ్మాయి వచ్చి, తలుపు పక్క కుర్చీని దాటుకుని వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది. లోపలికెళ్లి కళ్లు తుడుచుకున్నారు సిస్టర్ గారు.

ప్రసవమైన పదో రోజున, అందరూ బిడ్డ క్షేమం అడుగుతుంటే, సిస్టర్ గారు ఫోను చేసి తల్లి క్షేమం అడిగారు. అత్తగారే ఎత్తారు: “నిక్షేపంగా ఉంది. మాత్ర వేసుకుంటేనే బిడ్డను చేతికిస్తున్నాను!”

ఆ బిడ్డ ఇప్పుడు ఒకటో తరగతి. నేటి సభలో కిటికీ పక్కన, తల్లి ఒళ్లో కూర్చుని ఉంది.

సిస్టర్ గారూ, రేపటి నుంచి ఆ తలుపు వైపు మేం చూస్తుంటాం. మీరు నిండు ఆరోగ్యంతో, నూరేళ్లూ కిటికీ పక్కనే హాయిగా కూర్చోండి.