ఎవరి సరుకు వాళ్లు అమ్మకూడదు

కళ్యాణదుర్గం సంతలో ఐదారుగురు చేతిపనులవాళ్లు సంఘంగా కలిసి ఒకే పందిరి వేసుకున్నారు. కంబళ్ల మూట భుజాన పెట్టుకుని వచ్చిన నేతగాడు, లోపల గంపలు అల్లే ఆమెను చూసి బయటే ఆగిపోయాడు.

"లోపలికి రా అన్నా. ఎండలో ఏల నిలబడినావు?"

"మీ సంఘంలో చేరితే నా కంబళ్లు నేను అమ్ముకోకూడదంట కదా?"

"అవును. ఈడ ఎవరి సరుకు వాళ్లు అమ్మకూడదు. నా గంపలు నువ్వు అమ్మల్ల."

"ఇదేం చోద్యమమ్మా! నేసినోనికి తెలిసినంత ఇంగొకరికి తెలుస్తాదా?"

"కొనేటోడు మొగం చిట్లిస్తానే ధర దించేది నేసినోడే కదా? పోయిన వారం నిన్ను చూసినా. ఆయప్ప బేరం మొదలుపెట్టకముందే సగానికి దిగినావు."

"మనది మంచిదని మనమే ఎట్ల చెప్పుకుంటామ్మా? సిగ్గు కాదా?"

"పక్కనోళ్ల సరుకు గురించి చెప్పేదానికి సిగ్గేముండాది?"

అది నిజమే అనిపించింది అతనికి. ఒక గంపను బోర్లించి, అడుగు మీద గట్టిగా గుద్ది చూశాడు.

"గట్టిదే. మరి నా కంబళ్లు ఎవరు అమ్ముతారు?"

"నేనే."

"నువ్వా! నా కంబళి ముళ్లకంప మాదిరి గుచ్చుకుంటాదని పోయినేడు సంతంతా వినేటట్టు అరిస్తివి కదమ్మా!"

"అప్పుడు కొనేదాన్ని. ధర దించల్లని అట్లంటి."

"ఇప్పుడేం చెప్తావు?"

"ఆ కంబళి నాకంటే నాకని ఇంట్లో రోజూ కొట్లాడుకుంటాండామని చెప్తా."

అతను మూటను ఆమె ముందు దించి, గంపను రెండు చేతులతో పైకెత్తి కేకేశాడు.

"రండప్పా, రండి! ఇది నేను అల్లింది కాదు, అందుకే ధైర్యంగా చెప్తాండా!"